తిరిగి అడగని బిళ్ళ

ఆస్పత్రిలో పదకొండేళ్ళుగా తాను కూర్చుంటున్న స్టూలు మీద ఆ సోమవారం ఎవరో సెలైన్ సీసాల పెట్టె పెట్టారు. సులోచన దాన్ని కిందికి దింపబోతుంటే డాక్టర్ గోఖలే తలెత్తి చూశాడు.

"ఉండనివ్వండి సులోచనాబాయీ. ఇవాళ్టి నుంచి మిమ్మల్ని రికార్డుల గదికి పంపమన్నారు. మూడు నెలల ప్రయోగమట," అన్నాడు మరాఠీలో.

ఆయన చెవి వెనుక రూపాయి బిళ్ళంత తెల్లటి బిళ్ళ అతుక్కుని ఉంది. వరసలో ముందున్న ముసలమ్మ చెవి వెనుక నర్సు అలాంటిదే ఇంకొకటి అతికిస్తోంది.

"రాత్రయితే మోకాళ్ళు గుంజుతున్నయి సారూ," అంది ముసలమ్మ, ఎవరికి చెప్పాలో తెలియక గోడకేసి చూస్తూ.

డాక్టరు తలూపాడు. ఎన్నాళ్ళ నుంచి అని మరాఠీలోనే అడిగాడు. ముసలమ్మ ఉలిక్కిపడి చెవి పట్టుకుంది.

"ఓయమ్మ! సారు మన తెలుగు మాట్లాడుతుండు!"

వరసంతా నవ్వింది. సులోచన కూడా నవ్వింది. డాక్టరు మరాఠీని బిళ్ళ తెలుగులోకి మార్చి ముసలమ్మ చెవిలో పలికింది. గొంతు డాక్టరుదే అయినా, ఆ తెలుగు సులోచనది. రెండేళ్ళ కిందట వేసవి సెలవుల్లో పుణెలో, అద్దాల గదిలో నలభై రోజులు కూర్చుని తొమ్మిది వేల కార్డులు చదివి, బిళ్ళకు తెలుగు నేర్పింది ఆమే.

సులోచన సీసాల పెట్టెను మళ్ళీ స్టూలు మీద సర్ది రికార్డుల గదికి వెళ్ళింది.

కాపడ్‌గావ్ మరమగ్గాల ఊరు. కరీంనగర్, నల్లగొండ వైపుల నుంచి మూడు తరాల కిందట మగ్గాల కోసం వచ్చిన పద్మశాలీల ఇళ్ళు ఆ మరాఠీ ఊళ్ళో మూడో వంతు ఉంటాయి. వాళ్ళ కోసం మున్సిపాలిటీ ఒక తెలుగు బడి నడిపేది. ఆస్పత్రిలో 'భాషా సహాయకురాలు' అని ఒక ఉద్యోగం పెట్టింది. సులోచన పొద్దున బడిలో పాఠం చెప్పి, మధ్యాహ్నం ఆస్పత్రిలో స్టూలు మీద కూర్చునేది. ఉద్యోగం పేరు ఎవరికీ నోరు తిరగక అందరూ ఆమెను దుబాసమ్మ అనేవాళ్ళు.

ఇంట్లో అన్నం పెడుతూ ఆ సంగతి చెబితే భర్త నర్సయ్య ముద్ద ఆపలేదు. ఆయన మగ్గాలు బాగుచేసే మేస్త్రి. నెల రోజులుగా ఆయన చెవి వెనుకా బిళ్ళ ఉంది.

"మంచిదే గదనే. నువ్వొక్కదానివి ఎంతమందికని చెప్తవు? ముప్పై ఏండ్ల సంది సేఠ్ తిడుతుంటే తలకాయ ఊపుడే తప్ప నాకు జవాబు రాకపాయె. మొన్న ఎదురు చెప్పిన. మనిషి బిత్తరపోయిండు."

"ఏమన్నడు?"

"ఏమంటడు? వానికి కోపమొచ్చింది. కానీ బిళ్ళల నీ తెలుగాయె. 'దయచేసి నా కళ్ళ ముందు నుండి వెళ్ళిపోండి' అన్నట్టు ఇనబడ్డది. గంత మర్యాదగ నన్ను ఎవ్వడు తిట్టలే ఇప్పటిదాంక."

సులోచనకు నవ్వొచ్చింది. నిజమే, ఆమె బిళ్ళకు శుభ్రమైన తెలుగు నేర్పింది. పది మందీ వినేది కదా, మన వాళ్ళను చూసి ఎవరూ నవ్వకూడదని ప్రతి కార్డునూ దువ్వి, జడ వేసి, బడికి పంపే పిల్లలా తయారు చేసింది.

బడిలో మాత్రం నవ్వు రాలేదు. ప్రయోగంలో భాగంగా ఆమె మూడో తరగతి పిల్లల్ని మరాఠీ తరగతిలో కలిపి, తలా ఒక బిళ్ళ ఇచ్చారు. పిల్లలకు పాఠమంతా తెలుగులోనే వినిపించేది. రెండు నెలలయ్యాక ఒకరోజు అక్షిత అనే పిల్ల బిళ్ళ చార్జింగు అయిపోయింది. ఆ పిల్ల నీళ్ళ కుండ దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి, మూత మీద చెయ్యి పెట్టుకు కూర్చున్న ఆయాను మరాఠీలో నీళ్ళు అడగలేకపోయింది. ఏడవనూ లేదు. బిళ్ళ పని చేసేదాకా ఎదురు చూద్దామన్నట్టు ఊరికే నిలబడింది.

"నా తరగతిల ఉన్నప్పుడు ఈ పిల్ల రెండు భాషలల్ల కొట్లాడేది," అని సులోచన హెడ్‌మాస్టరుతో అంది. ఆయన తెలుగువాడే. "కొట్లాటలు తగ్గినయి గద టీచర్, మంచిదే గద," అన్నాడు.

మూడో నెల మొదట్లో జమున ఆస్పత్రిలో చేరింది.

జమున సులోచన తమ్ముడి కూతురు. పెళ్ళయి ఏడాది కిందటే సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కాపడ్‌గావ్ వచ్చింది. మగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పని. వేళ్ళ కీళ్ళు వాచి దారం పట్టుకోలేకపోతుంటే పదిహేను రోజుల కిందట ఒంటరిగా ఆస్పత్రికి వచ్చి మాత్రలు తీసుకుపోయింది. ఇప్పుడు ఆడవాళ్ళ వార్డులో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. రెండు నెలల కడుపు పోయిందని నర్సు చెప్పింది. ఆ మాత్రలు కడుపుతో ఉన్నవాళ్ళు మింగకూడనివి.

"చెప్పొద్దా బిడ్డా? డాక్టరు అడగలేదా నిన్ను?" అంది సులోచన మంచం పట్టె మీద కూర్చుని.

"అడిగిండు అత్తా. నెలసరి ఎప్పుడని అడిగిండు." జమున ఇటు తిరిగింది. "నేను చెప్పిన. నీళ్ళు పోసుకున్న అని చెప్పిన. సారు తలకాయ ఊపి మాత్రలు రాసిండు. తెలిసే రాసిండనుకున్న."

జమున తల నిమురుతున్న సులోచన చెయ్యి ఆగింది.

అద్దాల గది గుర్తొచ్చింది. గది అవతల టీ గ్లాసులు పట్టుకుని ముగ్గురు మగపిల్లలు. వాళ్ళలో సంపత్ ఆమె దగ్గరే నాలుగో తరగతి దాకా చదివాడు. తర్వాత వాళ్ళ నాన్న ఇంగ్లీషు బడిలో వేశాడు. ఇప్పుడు బిళ్ళ తయారు చేసే పెద్ద ఇంజనీరు. కార్డు మీద 'నీళ్ళు పోసుకుంది' అని ఉంది. కార్మికుల ఇళ్ళలో మాటలు ఏరి రాసుకొచ్చిన కార్డులవి. "టీచర్, గీ మాటకు అర్థమేంది? నాకు తెల్వది," అని సంపత్ మైకులో అడిగాడు. మిగిలిన ఇద్దరూ కూడా ఆమె నోటి వైపే చూస్తున్నారు. తాను అఆలు దిద్దించిన పిల్లవాడికి, మగపిల్లల ముందు, కడుపు సంగతి ఎలా చెప్పడం?

"స్నానం చేసింది," అంది.

"అంతేనా?"

"అంతే. రాస్కో."

ఆమె కొంగు సర్దుకుంది. తర్వాతి కార్డు వచ్చింది.

ఆ సాయంత్రమే సులోచన సంపత్‌కు ఫోను చేసింది. జమున మాత్రలు తీసుకున్న రోజు రికార్డు అతను వెతికి వినిపించాడు. మీకు నెలసరి ఎప్పుడు అయింది అన్న ప్రశ్న. నీళ్ళు పోసుకున్న అన్న జమున చిన్న గొంతు. వెంటనే అదే గొంతుతో మరాఠీలో, స్నానం అయింది.

"నెలసరి అయినంక తలస్నానం చేస్తరు గద టీచర్. అందుకే నెలసరి వచ్చి పోయిందనుకున్నడు డాక్టరు," అన్నాడు సంపత్ నెమ్మదిగా.

"బిళ్ళకు అనుమానం రాలేదా? నేనైతే అడిగేదాన్ని గదరా. ఏ నీళ్ళని అడిగేదాన్ని."

"ఒక మాటకు రెండు అర్థాలుంటే బిళ్ళ కూడా ఆగి అడుగుతది టీచర్. మేం గట్లనే చేసినం. కానీ దీనికి ఒక్కటే అర్థం రాసి ఉంది. ముందట మీ సంతకం ఉంది." అతను గొంతు తగ్గించాడు. "మీరు ఫికరు చెయ్యకండ్రి. పది నిమిషాల్ల సరిచేస్త. ఎవ్వలకు తెల్వది. వచ్చే వారం శుక్రవారం మున్సిపాలిటీల సభ ఉంది, అండ్ల మీరు మాట్లాడాలె. బిళ్ళకు గొంతు ఇచ్చిన టీచరమ్మ అని అందరు ఎదురు చూస్తుండ్రు."

శుక్రవారం సభలో తేలేది ఒకటే. తెలుగు బడి మూసేయాలా, ఆస్పత్రిలో స్టూలు తీసేయాలా, అందరికీ బిళ్ళలు ఇచ్చి రెండు భాషల ఏర్పాట్లకు స్వస్తి చెప్పాలా అని.

ఫోను పెట్టేశాక, జమునకూ సభకూ ఉన్నదున్నట్టు చెప్పేస్తానంది నర్సయ్యతో. "చెప్తే పోయిన పానం తిరిగొస్తదా?" అన్నాడాయన. "నీ తమ్ముడు మన గడప తొక్కడు మల్ల. ఊరంత నిన్నే అంటది. పిల్లగాడు సరిచేస్త అంటుండు గద."

"నేను తప్పు చెప్పిన మాట అదొక్కటేనని వానికి ఎవలు చెప్పిండ్రు?" అంది సులోచన. "అసుంటియి ఎన్ని దువ్వి పెట్టిన్నో నాకే తెల్వది."

వారం తర్వాత జమున పనిలోకి వెళ్ళింది. సభ మర్నాడనగా సులోచన షెడ్డుకు వెళ్ళింది. నలభై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. బిళ్ళలు కూడా అక్కడ పనిచేయవు. ఆ చప్పుడులో పనిచేసే ఆడవాళ్ళు పెదవులు చూసి మాటలు పోల్చుకుంటారు. జమున కండెల మిషను ముందు కూర్చుని ఉంది. సులోచన ఎదురుగా నిలబడి గొంతు పెంచకుండా పెదవులతో చెప్పింది.

"బిళ్ళకు ఆ అర్థం తప్పు చెప్పింది నేనే."

జమున కనుబొమలు ముడిచింది. చెయ్యి చాచి మిషను స్విచ్చు ఆపింది. దారాలు తిరగడం ఆగింది.

"ఏందీ? మల్ల చెప్పు."

ఒకసారి చెప్పడమే కష్టమైంది. సులోచన మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా, అద్దాల గది నుంచి కొంగు సర్దుకోవడం దాకా ఏదీ వదలకుండా. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు మిషన్లు ఆపకుండానే ఆమె పెదవుల వైపు చూస్తూ ఉండిపోయారు.

"సిగ్గుపడ్డవా?" అంది జమున.

"పడ్డ."

"నేను గూడ సిగ్గుపడే గద గట్ల అన్నది. మగ డాక్టరాయె. కడుపుతోటి ఉన్న అని ఒక్కమాట అంటే అయిపోతుండె." జమున తెగిన దారం కొసలు వేళ్ళతో ముడి వేసింది. వేళ్ళు ఇంకా వాచే ఉన్నాయి. "ఇప్పుడెందుకొచ్చినవు?"

"రేపు సభల చెప్తనని వచ్చిన. నీ పేరు తియ్యను. ఒక పిల్ల అంట, అంతే. నువ్వు వద్దంటే అది గూడ అనను."

జమున తల అడ్డంగా ఊపింది.

"ఒక పిల్ల అంటే ఎవ్వలు పట్టించుకోరు. నా పేరు చెప్పు. నీ పేరు గూడ చెప్పు."

మిషను స్విచ్చు వేసింది. ఆ తర్వాత అత్త వైపు చూడలేదు.

సభ మున్సిపాలిటీ మేడ మీది పెద్ద హాల్లో జరిగింది. కమిషనర్ దేశ్‌పాండే బాయి మధ్యలో కూర్చుంది. తెలుగువాళ్ళు మాట్లాడేది బిళ్ళల ద్వారా స్పీకర్లలో మరాఠీలో వినిపించేలా సంపత్ ఏర్పాటు చేశాడు. ముందుగా ఒక వార్డు మెంబరు లేచి, రెండు భాషలకు రెండింతల సిబ్బంది ఎందుకు, వచ్చిన చోటు భాష నేర్చుకోవాలి గదా అన్నాడు. వెనక వరసలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే పనివాడొకడు లేచాడు.

"నా పిల్లలకు మరాఠీ కావాలె, ఇంగ్లీషు కావాలె. తెలుగు ఏం కూడు పెడ్తది? టీచరమ్మ ఏమన్న అనుకోనీ."

చప్పట్లు పడ్డాయి. సులోచనకు ఆ మాట మీద కోపం రాలేదు. ఏటా బడిలో పిల్లల్ని చేర్చమని ఇల్లిల్లూ తిరిగేటప్పుడు వినేదే.

తన వంతు రాగానే మైకు ముందుకు వెళ్ళి తెలుగులో మొదలుపెట్టింది.

"నా పేరు చింతకింది సులోచన. బిళ్ళకు తెలుగు నేర్పింది నేను. నా మేనకోడలు జమున నీళ్ళు పోసుకుంది."

స్పీకర్లలో ఆమె గొంతే మరాఠీలో పలికింది. నా మేనకోడలు జమున స్నానం చేసింది. తెలుగు ఆడవాళ్ళ వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు. సంపత్ తల దించుకున్నాడు. ఆస్పత్రి బిళ్ళల్లో అప్పుడే సరిచేయించి, మిగతా వాటిలో శుక్రవారం దాకా అలాగే ఉంచమని సులోచనే అతన్ని అడిగింది.

"స్నానం చేస్తే ఏమిటి?" అంది కమిషనర్.

సులోచన చెవి వెనుక నుంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. మరాఠీలో మాట్లాడింది. ఆమెది పాఠాలు చెప్పే మరాఠీ కాదు, కూరగాయల బజారులో ముప్పై ఏళ్ళు బేరమాడి నేర్చుకున్న మరాఠీ.

"బాయీ, మా ఇళ్ళల్లో ఆ మాటకు రెండు అర్థాలు. ఒకటి స్నానం. ఇంకొకటి, కడుపు నిలిచిందని. మూడో నెల దాటేదాకా మా ఆడపిల్లలు ఆ సంగతి మగవాళ్ళ ముందు సూటిగా చెప్పరు. జమున చెప్పాల్సింది చెప్పింది. బిళ్ళ స్నానం అంది. డాక్టరు గారు నెలసరి అయిపోయిందనుకున్నారు. కడుపు పోయింది. స్నానం అని రాయించింది నేను. ఇంజనీర్లు మగపిల్లలు, నాకు సిగ్గేసింది. తెలియక కాదు, తెలిసే అబద్ధం చెప్పాను."

డాక్టర్ గోఖలే లేచి నిలబడ్డాడు. "పరీక్ష చేయించాల్సింది నేను. ఒక్కో రోగికి మూడు నిమిషాలే దొరుకుతాయి. బిళ్ళ చెప్పింది కదా అని ఊరుకున్నాను," అని కూర్చున్నాడు.

సంపత్ మైకు అందుకున్నాడు. "ఆ మాట అన్ని బిళ్ళల్లోనూ పది నిమిషాల్లో సరిచేయవచ్చు మేడమ్."

"చెయ్యి," అంది సులోచన. "కానీ సంపత్, నువ్వు నా బడి వదలకుండా ఇంకో నాలుగేళ్ళు చదివి ఉంటే, మీ అమ్మ మాటలు నీకు అర్థమయ్యేవి. నేను 'అంతే' అన్నప్పుడు నా ముఖం చూసి, అంతే కాదని నీకు తెలిసేది. నాకు సిగ్గేసిన మాట నేను చెప్పలేదు. ఇంకొక ఆమెకు భయమేసిన మాట ఆమె చెప్పదు. చెప్పని మాటలకు కార్డులు ఎక్కడివి? ఎదురుగా కూర్చుని, ఏ నీళ్ళమ్మా అని అడిగే మనిషి ఒకరు ఉండాలి."

"మరి బిళ్ళలు గుంజుకుంటరా ఏంది?" తెలుగులో ఒక గొంతు లేచింది. అది నర్సయ్యది. "నా బిళ్ళ నేనియ్య!"

"నీ బిళ్ళ నీ దగ్గరనే ఉండనీ, ఎవలు అడిగిండ్రు?" అంది సులోచన మైకులోనే. హాలంతా నవ్వింది. ఆమె మళ్ళీ కమిషనర్ వైపు తిరిగింది. "బిళ్ళ వద్దనడం లేదు బాయీ. స్టూలు ఉండనివ్వండి అంటున్నాను. బడిలో పొద్దుటి పూట బిళ్ళలు తీసేసి రెండు భాషలూ నేర్పనివ్వండి. ఇందాక అన్నయ్య అన్నాడు, పిల్లలకు మరాఠీ కావాలని. కావాలి. బిళ్ళ పెట్టుకుని రెండు నెలలు మీ తరగతిలో కూర్చున్న పిల్ల మరాఠీలో మంచినీళ్ళు అడగలేకపోయింది. ఆ పిల్లకు మీ భాషా రాలేదు, మాది కూడా పోతోంది."

కమిషనర్ చాలాసేపు రాసుకుంది. మధ్యాహ్నానికి ఉత్తర్వు చదివారు. ఆస్పత్రిలో బిళ్ళతో పాటు భాషా సహాయకురాలు కొనసాగాలి. బడి ఒక్క ఏడాది నడవాలి. తర్వాత మళ్ళీ చూస్తారు.

"ఏడాదేనా?" అంది ఆడవాళ్ళలో ఒకామె మెట్లు దిగుతూ.

"ఏడాది తక్కువా? ఎక్కాలు పూర్తయితయి," అంది సులోచన. సోమవారం నుంచే ఇల్లిల్లూ తిరగాలని, ముందుగా ఆ సాంచాల పనివాడి ఇంటికే పోవాలని అనుకుంది.

నర్సయ్య అన్నట్టే తమ్ముడు ఊరి నుంచి ఫోను చేసి, ఇక నీ గడప తొక్కనని పెట్టేశాడు. జమున దారిలో కనిపించినా తల తిప్పుకునేది. సులోచన పొద్దున బడికీ, మధ్యాహ్నం ఆస్పత్రికీ వెళ్ళింది. ఒక్కోసారి సంపత్ పుణె నుంచి ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. అతను బయట టీ తాగుతుంటే, ఆ అమ్మాయీ సులోచనా రికార్డుల గది తలుపు వేసుకుని పాత కార్డులు ఒక్కొక్కటీ తిరగేసేవాళ్ళు. మొదటి వెయ్యిలోనే నలభై మూడు తప్పులు దొరికాయి.

ఐదు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం జమున ఓపీ వరసలో నిలబడింది. వంతు వచ్చేదాకా సులోచన వైపు చూడలేదు. వేళ్ళు చూపించింది. డాక్టర్ గోఖలే మందు రాయబోయి కలం ఆపి, నెలసరి ఎప్పుడని అడిగాడు. బిళ్ళ జమున చెవిలో చెప్పింది.

జమున డాక్టరుకు జవాబు చెప్పలేదు. స్టూలు వైపు తిరిగి, సులోచన కళ్ళలోకి సూటిగా చూస్తూ అంది.

"నీళ్ళు పోసుకున్న."

వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఆ కథ తెలియని ఇల్లు అక్కడ లేదు. బిళ్ళలు కూడా ఇప్పుడు ఆ మాట దగ్గర ఆగడం నేర్చుకున్నాయి. కానీ బిళ్ళ నోరు విప్పేలోపే సులోచన స్టూలు ముందుకు జరుపుకుంది.

"ఏ నీళ్ళు బిడ్డా?"

జమున పెదవి కొస కొద్దిగా వంగింది.

"ఉత్త నీళ్ళే అత్తా. పొద్దుగాల తలకు పోసుకున్న. నిన్నటితోటి ఐదు దినాలు."

"ఏమంటోంది? ఇంతసేపా?" అన్నాడు డాక్టరు గడియారం చూస్తూ.

"ఆగండి సార్," అంది సులోచన మరాఠీలో. "ఇంకొక్కసారి అడుగుతాను."